తెల్లబట్టల ఆదివారం

ఈస్టరు దినముతో కలిపి లెక్కిస్తే యాభైయవ దినాన వచ్చేది పెంతెకొస్తు. ఇంగ్లండులో దీనిని విట్సన్ అంటారు. 'వైట్ సండే' అనే మాట వాడుకలో నలిగి అలా అయింది. పూర్వం ఆనాడు బాప్తిస్మము పొందేవారు తెల్లబట్టలు కట్టేవారట. మనలోని క్రైస్తవ కుటుంబాలకు ఇది తెలియని పండుగ కాదు. కాని మన పిల్లలకు దీనిని బడిలో చేసుకునే యోగం తక్కువ. మే 10కీ జూన్ 13కీ నడుమ వస్తుంది గనుక చాలా ఏండ్లు అప్పటికి వేసవి సెలవులే. క్రిస్మసుకు నాటకం వేసే బడికి పెంతెకొస్తునాడు తాళం.

మాంచెస్టరు పట్టణంలో మాత్రం ఇది బడిపిల్లల పండుగ. 1780లో గ్లాస్టరు ఊరి పత్రికాధిపతి రాబర్ట్ రైక్సు ఆదివారపు బడులకు ఊపు తెచ్చాడు. వారమంతా మిల్లుల్లో పనిచేసే పిల్లలకు చదువుకు చిక్కేది ఆ ఒక్కరోజే గదా! ఆ బడుల పిల్లలను 1801 నుండి విట్సన్ సోమవారంనాడు వరుసలు కట్టించి వీధుల వెంట నడిపించసాగారు. బ్యాండుమేళం, పెద్ద పెద్ద పట్టుజెండాలు, జెండా తాళ్లు పట్టుకున్న చిన్నారులు, చేతుల్లో పూలబుట్టలు. ఆ వారంలోనే దాపునున్న కెర్సల్ మూర్‌లో గుర్రప్పందాలు జరిగేవి. పిల్లలు అటు పోకుండా పెద్దలు వారిని ఊరేగింపులకూ వనవిహారాలకూ తీసుకుపోయేవారు. ఉపాయం మంచిదే.

బట్టల సంగతే మాకు రుచించలేదు. ఆనాటికి పిల్లకు కొత్తగౌను లేకుంటే తల్లికి తలవంపు. వారం వారం పెన్నీలు కూడబెట్టి కుట్టించేవారు. పిల్లలు ఇరుగుపొరుగుకు ఆ బట్టలు చూపించి వస్తే జేబులో ఒక పెన్నీ పడేది, అంతవరకు ముచ్చటే. పండుగ దాటగానే అవే బట్టలు తాకట్టు దుకాణానికి చేరిన ఇళ్లూ ఉన్నాయి. సంఘ వార్షికోత్సవంలో పిల్లలందరికీ ఒకే రంగు పట్టుపావడా, ఒకే అంచు ఉండాలని పట్టుబట్టే సోదరీమణులు ఒక్కసారి ఆ దుకాణాన్ని తలచుకోవాలి. ఉతికిన బట్ట చాలదా?

సోమవారం ఆంగ్లికన్ పిల్లల నడక, శుక్రవారం కాథలిక్కులది. ఒకే వీధి పిల్లలు రెండు రోజులుగా విడిపోయారు. ఆ శుక్రవారపు నడకలోనే ఆంకోట్సు పేటలో స్థిరపడిన ఇటలీవారు తమ మరియమాత విగ్రహాన్ని మోసుకుంటూ నడిచేవారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత వచ్చిన ఉక్రేనువారు తమ దేశపు కుట్టుపని దుస్తులతో కలిశారు. వలస వచ్చిన ఊళ్లో ఏడాదికొకనాడు నడివీధిలో 'మేమిక్కడున్నాం' అని కనబడడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పండుగకు మూలమైన కథ అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయంలో ఉంది. పార్థీయులు, మాదీయులు, ఏలామీయులు, ఇంకా అనేక దేశాలవారు యెరూషలేములో గుమికూడి ఉండగా, గలిలయవారు మాట్లాడినది ఎవరికి వారికి తమ తమ భాషలో వినబడిందట. మమ్మల్ని ఆకట్టుకొన్నది ఈ ముక్కే. విననివ్వాలంటే ముందు మా భాష నేర్చుకు రమ్మని అక్కడ ఎవరినీ అనలేదు. మన పిల్లలకు బడిగేటు దగ్గర జరిగేది దీనికి తలక్రిందులు. బళ్లో ఆ ఊరి భాష, ఇంగ్లీషు నేర్చుకోవలసిందే, నేర్చుకుంటున్నారు కూడా. అయితే నాయనమ్మ తెలుగులో అడిగితే అరవంలోనో కన్నడంలోనో బదులు చెప్పే పిల్లలు ఎన్ని ఇళ్లలో లేరు? తెలుగు మాట్లాడగలిగీ చదవలేనివారు ఇంకా ఎక్కువ.

ఆదివారం తెలుగు తరగతులు నడిపే సంఘాలవారికి మాదొక సూచన. జూన్‌లో తరగతి తెరచిన మొదటి ఆదివారం పిల్లలను తమ స్నేహితులను వెంటబెట్టుకొని రమ్మనండి. తమిళమో, ఒడియానో, మరాఠీయో, ప్రతి బిడ్డా తన ఇంటి భాషలో నాలుగు మాటలు చెప్పాలి. మన పిల్లలు తెలుగులో చెప్పాలి, చెప్పినది పలకమీద రాయాలి. అరగంట పని. బలపాల ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు. పలకలు చాలకపోతే ఇద్దరికొకటి ఇవ్వవచ్చు.