కుక్క కడుపుకూ సాత్మ్యం ఉంది

పెంపుడు కుక్కకు తరచు విరేచనాలవుతూ ఉంటే చాలా ఇళ్లలో మొదట చేసే పని ఆహారం మార్చడం. కోడిమాంసపు ప్యాకెట్ పడలేదని చేపది, అదీ పడలేదని గొర్రెమాంసానిది, నడుమ రెండు రోజులు పెరుగన్నం. ఇలా వారానికొక రకం పెడితే జీర్ణశక్తి పెరుగుతుందనే వాదన కూడా ఈ మధ్య వినవస్తున్నది. ఆరోగ్యంగా ఉండి, చిన్నతనం నుండి పలురకాలకు అలవాటుపడిన కుక్కకు అది చెల్లవచ్చును. సున్నితమైన కడుపు గల కుక్క విషయంలో మాత్రం ఈ వాదనతో నేను ఏకీభవించలేను.

అలవాటు చేత శరీరానికి సరిపడే దానిని ఆయుర్వేదం సాత్మ్యమంటుంది. అలవాటైనది అహితమే అయినా ఒక్కసారిగా మానరాదనీ, దానిని పాదం చొప్పున తగ్గిస్తూ హితమైన దానిని పాదం చొప్పున పెంచుకోవాలనీ చరక సంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయం బోధిస్తున్నది. ఇది మనుషులకు చెప్పిన విధి. అయితే నేటి పశువైద్యులు కుక్కలకు సూచించే పద్ధతి కూడా దాదాపు ఇదే. పాత ఆహారంలో కొత్తదానిని నాలుగవ వంతు, తరువాత సగం, పిదప ముప్పాతిక వంతు కలుపుతూ 7 నుండి 10 రోజులలో మార్పు పూర్తిచేయమంటారు. పేగులలోని సూక్ష్మజీవులు కొత్త ఆహారానికి సర్దుకోవడానికి ఆ వ్యవధి అవసరం.

తరచు మార్చడంలో మరొక నష్టమున్నది. ఏది పడటం లేదో ఎన్నటికీ తేలదు. ఆహారం వల్లనే బాధ అన్న అనుమానం కలిగితే వైద్యులు కుక్క మునుపెన్నడూ తినని ఒకే మాంసంతో సుమారు 8 వారాలు పరీక్షిస్తారు. ఆ కాలంలో బిస్కెట్టు ముక్క కూడా పెట్టరాదు. అన్ని మాంసాలూ ముందే రుచి చూపించిన ఇంట్లో ఆ పరీక్షకు కొత్తదేమి మిగులుతుంది?

గృహవైద్యంపై నమ్మకం గల మన పాఠకులకు ఒక హెచ్చరిక. మనకు మేలుచేసే వెల్లుల్లి, ఉల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను నాశనం చేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎదిగిన కుక్కలలో చాలావాటికి పాలు అరగవు. మనం వాడే నొప్పి మాత్రలు ప్రాణాపాయం కలిగించగలవు. పోపులపెట్టెలో కుక్కకు మందు వెదకవద్దు.

ఎదిగిన కుక్కకు మామూలు విరేచనాలైతే ఉప్పుకారాలు లేని మెత్తని అన్నం కొద్దికొద్దిగా, మంచినీరు ధారాళంగా ఒకటి రెండు రోజులు ఇచ్చి చూడవచ్చు. రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా, నీరసించినా పశువైద్యుని వద్దకు వెంటనే తీసుకువెళ్లాలి. కుక్కపిల్ల అయితే ఒక్క రోజు కూడా ఆగరాదు. పార్వో వ్యాధి కొద్ది రోజులలోనే ప్రాణం తీయగలదు.

పడిన ఆహారం ఒకటి దొరికితే దానినే కొనసాగించండి. మార్చక తప్పనప్పుడు పాదం చొప్పున మార్చండి. నోరులేని ప్రాణికి మనం చేయగల మేలు ఇదేనని నా నిశ్చితాభిప్రాయం.