నాలుగు రోజుల్లో ఒక దేశం



అట్లాసు తెరిచి యూరపు పటం ముందు పెట్టుకోండి. స్విట్జర్లాండుకూ ఆస్ట్రియాకూ నడుమ, రైను నది తూర్పుగట్టున, ఆవగింజంత దేశం ఒకటి ఉన్నది. కంటికి ఆనకపోతే దిగులుపడకండి. నేను పాఠాలు చెప్పే రోజుల్లో మా బడి గోడపటంలో కూడా అంతే. ఆ దేశం మీద చోటు చాలక, దాని పేరును పక్కదేశం మీద అచ్చువేశారు. అది చూసి ఒక కుర్రవాడు లేచి, "మేష్టారూ, పేరు కూడా మోయలేనిది దేశమెలా అవుతుందండీ?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. అప్పుడు చెప్పని జవాబు ఇప్పుడు మీకు చెబుతాను.

ఆ దేశం పేరు లిక్టెన్‌స్టైన్. నాలుక తిరగకపోతే రెండుసార్లు మెల్లగా అనండి, వస్తుంది. వైశాల్యం 160 చదరపు కిలోమీటర్లు. జనం సుమారు 40,000. ఈ చివరినుంచి ఆ చివరికి 25 కిలోమీటర్లు. మన విజయవాడకూ గుంటూరుకూ మధ్య దూరం అంతకంటే ఎక్కువ. విమానాశ్రయం లేదు. సైన్యం లేదు. 1924 నుంచీ చెలామణిలో ఉన్నది స్విట్జర్లాండు వారి ఫ్రాంకు. దీనికి సముద్రం లేదు సరే, దీని ఇరుగుపొరుగు దేశాలు రెండింటికీ కూడా లేదు. ఇటువంటి దేశం ప్రపంచంలో ఇంకొక్కటే ఉన్నది: ఉజ్బెకిస్తాన్.

ఇక్కడికి వచ్చే యాత్రికులు చాలామంది రాజధానిలో బస్సు దిగి, కొద్ది రుసుము చెల్లించి పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టించుకుని, మధ్యాహ్నానికల్లా వెళ్ళిపోతారు. అది చూడటం కాదని నా అభిప్రాయం. రాజ్యం ఏర్పడి 300 సంవత్సరాలైన సందర్భాన 2019లో వారు ఒక కాలిబాట ఏర్పరచారు. 75 కిలోమీటర్ల ఆ బాట దేశంలోని 11 గ్రామ పంచాయతీలనూ తాకుతూ మెలికలు తిరుగుతుంది. 25 కిలోమీటర్ల దేశంలో 75 కిలోమీటర్ల దారి ఎలా పట్టిందో ఆలోచించండి! నాలుగు రోజులు నడవవచ్చు. వీపుకు తగిలించుకునే సంచీలో ఒక ఉన్నిచొక్కా, వానకోటు, నీళ్ళసీసా వేసుకుని బయలుదేరుదాం. నేనూ అక్కడికి వెళ్ళినవాణ్ణి కాను. పటం మీద వేలు పెట్టి మీతోపాటే నడుస్తాను.

సర్గాన్స్ అనే స్విస్ స్టేషనులో రైలు దిగి బస్సెక్కితే, రైను వంతెన దాటి బాల్జెర్స్ గ్రామం చేరతాము. సరిహద్దు దగ్గర ఆపి అడిగేవారు లేరు. ఊరి మధ్య గుట్టమీద గూటెన్‌బర్గ్ కోట కనబడుతుంది. ఇక్కడ ఒక్కొక్కసారి వింత గాలి వీస్తుంది. కొండల మీద మంచు కనబడుతూనే ఉంటుంది, గాలి మాత్రం వెచ్చగా మొహానికి తగులుతుంది. దాన్ని 'ఫ్యోన్' అంటారు. దాని సంగతి ఇది. దక్షిణంనుంచి వచ్చే తేమగాలి ఆల్ప్సు కొండలెక్కుతూ చల్లబడి, తన నీళ్ళన్నీ ఆవలివైపునే వానగా కురిపించేస్తుంది. పొడిగాలి ఈవలివైపు దిగేటప్పుడు ఒత్తిడికి లోనై, ప్రతి 100 మీటర్లకూ సుమారు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. పడమటి కనుమల ఆవల కుండపోతగా కురిసిన మబ్బు మన రాయలసీమకు వచ్చేసరికి వట్టిచేతులు చూపటం మీరెరుగుదురు కదా, కొంతవరకు అదే కథ. ఈ గాలి చలవవల్లనే ఆ చలిదేశంలో ద్రాక్షతోటలు పండుతున్నాయి. కాని కొయ్య ఇళ్ళ కాలంలో ఫ్యోను వీచిందంటే పొయ్యిలో నిప్పుకు కూడా జనం భయపడేవారు.

రెండోరోజు ఎక్కుడు. ట్రీసెన్‌బర్గ్ గ్రామం కొండవాలును పట్టుకుని వేలాడుతున్నట్టుంటుంది. సుమారు 1300 ప్రాంతాల్లో స్విట్జర్లాండు పడమటి లోయలనుంచి వలస వచ్చిన వాల్సర్లు అక్కడ స్థిరపడ్డారు. కింది ఊళ్ళవారి యాసా వీరి యాసా నేటికీ వేరు! తలెత్తి చూస్తే శిఖరాలు. అన్నిటిలోకీ ఎత్తయిన గ్రౌస్పిట్జ్ 2,599 మీటర్లు. మన తూర్పు కనుమల్లో అంత ఎత్తు కొండ ఒక్కటీ లేదు.

దిగితే రాజధాని. మన పటాల్లో వాడుజ్ అని చూస్తారు, అక్కడివారు ఫదూట్స్ అంటారు. పైన కొండమీది కోటలో రాజుగారి కుటుంబం నివసిస్తున్నది కనుక లోపలికి పోనివ్వరు. ఈ రాజవంశం కథ తమాషాగా ఉంటుంది. చక్రవర్తి సభలో పీఠం కావాలంటే సొంత భూమి ఉండాలి. అందుకని వారు 1699లో షెల్లెన్‌బర్గ్‌నూ, 1712లో ఫదూట్స్‌నూ డబ్బిచ్చి కొన్నారు. 1719లో రెండూ కలిపి రాజ్యమైంది. కాని 1842 వరకూ ఏలే రాజెవరూ ఇక్కడ కాలు పెట్టలేదు! 1938లో గాని రాజు వచ్చి ఇక్కడ కాపురముండలేదు. ఇంకొకటి వినండి. 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడలకు వెళితే, తమ జెండావంటిదే హైతీ దేశానికీ ఉన్నట్టు తెలిసింది. మరుసటి ఏడు తమ జెండామీద ఒక కిరీటం వేసుకున్నారు.

నాలుగోరోజు షెల్లెన్‌బర్గ్ కొండ. ఇక్కడ కొంచెంసేపు కూర్చుందాం. 1945 మే 2వ తేదీ రాత్రి, యుద్ధం ముగియవస్తుండగా, సుమారు 500 మంది రష్యనులు ఆస్ట్రియానుంచి ఈ కొండ దాటి వచ్చారు. జర్మను సైన్యం తరఫున సొంత దేశంమీద పోరాడినవారు వారు. వారిది మంచిపని అని నేను చెప్పను. వారితో ఆడవాళ్ళూ పిల్లలూ కూడా ఉన్నారు. తుపాకులు తీసుకుని, అన్నం పెట్టారు. తరువాత సోవియటు అధికారులు వచ్చి, వారిని తమకు అప్పగించమన్నారు. ఆస్ట్రియాలో బ్రిటిషువారు ఇటువంటివారిని వేలకొద్దీ బలవంతంగా అప్పగించిన రోజులవి. లిక్టెన్‌స్టైన్‌లో అప్పటి జనం సుమారు 12,000. సైన్యాన్ని 1868లోనే రద్దుచేసుకున్నారు. అయినా, "ఇష్టమున్నవారు వెళ్ళవచ్చు, లేనివారిని పంపము" అన్నారు. సుమారు 200 మంది ఇష్టపడి వెళ్ళారు. మిగిలినవారిలో చాలామందిని 1947లో అర్జెంటీనా చేర్చుకునేదాకా, రెండేళ్ళపాటు ఈ చిన్న దేశమే పోషించింది. దానికి గుర్తుగా ఆ కొండమీద ఒక స్మారకశిల ఉన్నది.

ఆనాడు అడిగిన కుర్రవాడా, నువ్వు ఎక్కడున్నావో గాని, ఇది నీకు జవాబు.

ఇక దిగుడే. సాయంత్రానికి షాన్‌వాల్డ్ చేరతాము. బాట అక్కడితో సరి. ఆ ఎదుట కనబడేది ఆస్ట్రియా. ఫెల్డ్‌కిర్ష్ వెళ్ళే బస్సు వస్తున్నది, సంచీలు దించండి.