అమ్మ వచ్చే వేళ... లైటు ఆర్పండి!

రాత్రి రెండు దాటింది. విశాఖ బీచ్‌రోడ్డు మీద మొక్కజొన్న కంకుల బండ్లు ఎప్పుడో ఇళ్లకు చేరాయి. ఊరి సందడి తగ్గేచోట, రుషికొండ వైపు తీరంలో ఇద్దరు మత్స్యకారులు నీటి అంచు వెంబడే నడుస్తున్నారు. ఒకరి చేతిలో బుట్ట, ఇంకొకరి చేతిలో టార్చిలైటు. టార్చి ఉందన్నమాటేగానీ వెలిగించడం లేదు. అలల దగ్గర్నుంచి పొడి ఇసుక మీదికి ట్రాక్టరు టైరు పోయినట్టు వెడల్పాటి జాడ ఏమైనా కనిపిస్తుందా అని చూస్తున్నారంతే. దానికి చుక్కల వెలుగు చాలు. జాడ కనిపించిందా... ఇక మాటల్లేవు. ఎక్కడివాళ్లక్కడ కూర్చుండిపోతారు.

ఎందుకంటే ఆ జాడ చివర ఓ తల్లి ఉంటుంది.

జనవరి నుంచి మార్చి వరకూ, కొన్నిచోట్ల ఏప్రిల్ దాకా శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు మన తీరంలో అక్కడక్కడా జరిగే తతంగమిది. వచ్చేది ఆలివ్ రిడ్లే తాబేలు. సముద్ర తాబేళ్లలో చిన్నజాతి. చిన్నదంటే మరీ అరచేతిలో ఇమిడేదేం కాదు... రెండడుగులకు పైగా పొడవు, నలభై కిలోలకు అటూ ఇటూగా బరువు. నీళ్లలో ఉన్నంతసేపూ హాయిగా ఈదే ఆ ప్రాణికి నేలమీద నాలుగడుగులు వెయ్యడమంటే యాతనే. కాస్త పాకుతుంది, ఆగుతుంది, ఊపిరి పీల్చుకుని మళ్లీ పాకుతుంది. అలలు అందని చోటు చూసుకుని, వెనక రెప్పలతో అడుగున్నర లోతున గొయ్యి తవ్వుతుంది. ఒక రెప్ప ఇసుకను తోడిపోస్తుంటే రెండోది తన వంతు కోసం ఎదురుచూస్తుంది. వెనక్కి తిరిగి చూడకుండా తవ్వే ఆ గొయ్యి మూతి సన్నగా, అడుగు వెడల్పుగా అచ్చం మట్టికుండలా కుదురుతుంది! అందులో వందకు పైగా గుడ్లు పెడుతుంది. పింగ్‌పాంగ్ బంతుల్లా గుండ్రంగా, తెల్లగా ఉంటాయవి. పెంకు గట్టిగా ఉండదు. తోలులా మెత్తగా ఉంటుంది కాబట్టి ఒకదానిమీద ఒకటి పడ్డా పగలదు.

ఆ సమయంలో దాని కళ్లవెంట నీళ్లు కారుతుంటాయి. పురిటి నొప్పులని చూసినవాళ్లు జాలిపడతారుగానీ, అది ఒంట్లోని అదనపు ఉప్పును బయటికి పంపే ఏర్పాటు. సముద్రంలోనూ అలాగే కారుతుంది... నీళ్లలో కన్నీళ్లు కనిపించవు కాబట్టి మనకు తెలీదు.

గుడ్లు పెట్టడం అయ్యాక అసలు వేడుక. గొయ్యిలోకి ఇసుక తోసి, దానిమీద తన పొట్టతో అటోసారి ఇటోసారి ధన్‌ధన్‌మని కొడుతుంది. పూర్వం ఇళ్లలో మట్టినేలను దిమ్మిసతో కొట్టేవారే, అలా! చుట్టుపక్కల ఇసుకను చెల్లాచెదురు చేసి ఆనవాలు చెరిపేసి, తిరిగి సముద్రం దారి పడుతుంది. మొత్తం గంటలోపు పని. మళ్లీ ఆ గూడు మొహం చూడదు. పిల్లల్నీ చూడదు.

అక్కడినుంచి కాపలాదారుల పని మొదలవుతుంది. నిజానికి గూడును కదపకుండా ఉంచడమే మేలు. కానీ ఊళ్లకు దగ్గరగా ఉన్న తీరంలో తెల్లారేసరికి కుక్కలు తవ్వేస్తాయి. మనుషుల అలికిడి లేనిచోట ఆ పని నక్కలది. ఒకప్పుడు మనుషులూ తవ్వుకుని తినేవారు. అందుకని గుడ్లను కొద్దిగంటల్లోపే, దొర్లకుండా, పైది పైకే ఉండేలా బుట్టలోకి తీస్తారు. గుడ్డులో పిండం కుదురుకోవడం మొదలయ్యాక తలకిందులు చేస్తే అది బతకదు మరి. వెదురు కర్రలు, వలలతో దడికట్టిన హేచరీలో అంతే లోతున, అదే ఆకారంలో గొయ్యి తీసి పూడ్చి, పక్కన పుల్ల గుచ్చి తేదీ, గుడ్ల లెక్క రాసిపెడతారు. చిన్నపిల్లల వార్డులో మంచానికి కట్టిన చీటీలా ఉంటుందది.

విశాఖలో జోడుగుళ్లపాలెం, కాకినాడ పక్కన హోప్ ఐలాండ్, దివిసీమలో సొర్లగొంది... ఇవన్నీ తాబేళ్ల పుట్టిళ్లే. సొర్లగొంది పేరు వినగానే పెద్దవాళ్లకు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గుర్తొస్తుంది. ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయిన ఆ తీరంలోనే ఇప్పుడు కృష్ణా అభయారణ్యం పరిధిలో గుడ్లకు కాపలా ఉంటున్నారు. ఆ పనిలో యానాదులూ ఉన్నారు. ఇసుక మీద జాడలు చదవడంలో వాళ్లకు సాటి ఎవరు! అటవీశాఖ, ట్రీ ఫౌండేషన్ లాంటి స్వచ్ఛంద సంస్థలు సీజను వరకు కూలి ఇచ్చి ఇలాంటివాళ్లను కాపలా పెట్టుకుంటున్నాయి. ఒకనాడు గుడ్లను కూరకు తెచ్చుకున్న ఇళ్ల నుంచే నేడు కాపలాదారులు రావడం ఈ మొత్తం కథలో మెచ్చుకోదగ్గ మలుపు.

నలభై అయిదు నుంచి యాభై అయిదు రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. ఇరవై తొమ్మిది, ముప్ఫై డిగ్రీల దగ్గర కాస్త అటూ ఇటూగా ఉంటే రెండూ పుడతాయి. అంతకన్నా చల్లగా ఉంటే మగవి, వేడెక్కితే ఆడవి. ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్ నెలల్లో హేచరీల మీద నీడవలలు కప్పేది అందుకే. లేకపోతే అన్నీ ఆడపిల్లలే అయిపోతాయి! మరీ వేడెక్కితే అసలు పిల్లలే మిగలవు.

ఇక లైటు సంగతి. తాబేలు పిల్ల రాత్రివేళ ఇసుకలోంచి తల బయటపెట్టగానే నాలుగు దిక్కులా చూస్తుంది. ఎటు వెలుగుంటే అటు పరిగెడుతుంది. కొన్ని లక్షల ఏళ్లుగా రాత్రిపూట తీరంలో వెలుగున్నది ఒక్క సముద్రం వైపే... చుక్కల కాంతి, వెన్నెల నీళ్లమీద పడి మెరిసేది కదా! ఇప్పుడు రోడ్డువైపు వీధిదీపాలు, హోటళ్ల ఫ్లడ్‌లైట్లు, రిసార్టుల రంగుదీపాలు. పిల్లలు సముద్రానికి వీపు పెట్టి రోడ్డు పట్టుకుంటాయి. పొద్దున్నే కాకులకు ఆహారమవుతాయి, లేదంటే చక్రాల కింద పడతాయి. తల్లి పరిస్థితీ అంతే. ఒడ్డున వెలుతురు, అలికిడి ఉంటే సగం దారిలోనే వెనుదిరుగుతుంది. వచ్చిన జాడ, పోయిన జాడ కనిపిస్తాయి. మధ్యలో గూడు మాత్రం ఉండదు. తీరమంతా దీపాలతో కళకళలాడాలని కోరుకునే పురపాలకులు, సీజను మూడు నెలలూ సముద్రం వైపు దీపాలకు డొప్పలు తొడిగినా, అర్ధరాత్రి తర్వాత ఆర్పేసినా నష్టం లేదు. కరెంటు బిల్లూ తగ్గుతుంది!

మరి తాబేళ్లను చూడ్డానికి వెళ్లొచ్చా? వెళ్లొచ్చు. అయితే సినిమాకు వెళ్లినట్టు కాదు, పురిటింటికి వెళ్లినట్టు వెళ్లాలి. ఎలా వెళ్లకూడదో కోస్టారికాలోని ఒస్తియోనల్ తీరం చూపించింది. ఆ ఊళ్లోనూ ఇవే ఆలివ్ రిడ్లేలు వేలకు వేలుగా వస్తాయి. 2015 సెప్టెంబరులో వందలాది మంది సందర్శకులు తీరాన్ని కమ్మేశారు. తాబేళ్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు దిగారు. దారిలేక చాలా తాబేళ్లు గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోయాయి.

దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతి పక్కనున్న చెన్నైలో ఉంది. 1970ల్లో రోములస్ విటేకర్, ఆయన మిత్రులు రాత్రిళ్లు తీరం వెంట నడిచి గూళ్లు వెతికేవారు. 1988 నుంచి ఆ బాధ్యతను విద్యార్థుల బృందం తలకెత్తుకుంది. సీజనులో వారాంతపు రాత్రుల్లో మామూలు జనాన్నీ వెంట తీసుకెళ్తారు. కిలోమీటర్ల కొద్దీ ఇసుకలో నడక. లైట్లు వెయ్యరు, గోల చెయ్యరు. అంతా చేసి తాబేలు కనిపిస్తుందన్న హామీ కూడా లేదు! అయినా జనం వస్తున్నారు. కనిపించని రాత్రి కూడా చీకట్లో సముద్రం పక్కన నడవడమంటే పిల్లలకు పండగే.

నియమాలేమంత కష్టమైనవి కావు. టార్చి, ఫ్లాష్ వద్దు. తప్పదనుకుంటే ఎర్ర కాగితం చుట్టిన చిన్న లైటు. ముందు నిలబడకూడదు. తాబేలు గుడ్లు పెట్టడం మొదలెట్టేవరకూ దూరంగానే కూర్చోవాలి, తర్వాత కూడా వెనకనుంచే చూడాలి. స్థానిక కాపలాదారు తోడు లేకుండా అడుగుపెట్టకూడదు. ముట్టుకోవడం మాట సరే, దాన్ని వేధించినా, గుడ్లు తీసుకున్నా చట్టం ఊరుకోదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువిది... పులితో సమానం. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు.

ఒక్కో తల్లిని వెతుక్కుంటూ నడవడం కాదు, తీరమంతా తాబేళ్లే కనిపించాలంటే మాత్రం ఒడిశా వెళ్లాలి. ఇచ్ఛాపురం దాటి, బరంపురం మీదుగా పోతే గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసేచోటు వస్తుంది. అక్కడి మత్స్యకారుల్లో చాలామంది ఇళ్లల్లో తెలుగే మాట్లాడతారు. ఇక్కడ సామూహికంగా గుడ్లు పెడతాయన్న సంగతి 1994లోగానీ బయటి ప్రపంచానికి తెలీలేదు. 2025 ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షల తాబేళ్లు వచ్చి రికార్డు సృష్టించాయి. అంతకు ముందు ఏడాది, 2024లో? సామూహిక రాక అసలు లేనే లేదు. తేదీ చూసుకుని టికెట్లు బుక్ చేసుకునే యాత్ర కాదిది. అదే గంజాం తీరంలో పోడంపేట అనే ఊరిని సముద్రం కోసేసింది, జనం ఇళ్లు వదిలి వెనక్కి జరిగారు. ఇసుక తరిగితే మనిషికైనా తాబేలుకైనా చోటు పోయినట్టే.

ఇంతవరకూ చెప్పింది ఒడ్డు సంగతి. సముద్రంలో జరిగేది ఇంతకన్నా బాధాకరం. తాబేలుది ఊపిరితిత్తుల శ్వాస. గాలి కోసం పైకి రావాల్సిందే. గంటల తరబడి నీళ్లలో లాగే ట్రాలర్ వలలో చిక్కితే ఊపిరాడక చచ్చిపోతుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల సంఖ్యలో కళేబరాలు కొట్టుకొచ్చాయి. అదే నెలలో కాకినాడ తీరంలో తాబేళ్ల మరణాలపైనా విచారణకు ఆదేశాలు వెలువడ్డాయి. మన రాష్ట్రంలో తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపు మరపడవలు వేటాడకూడదని 1994 నాటి చట్టం ఉంది. అమలు మీదే అనుమానాలు. ఏటా వేట నిషేధం మొదలయ్యేది ఏప్రిల్ 15న. అది చేపల సంతతి కోసం పెట్టిన గడువు. అప్పటికి తాబేళ్ల సీజను ఇంచుమించు ముగిసిపోతుంది.

వలలో చిక్కిన తాబేలు తప్పించుకునేందుకు ఇనుప జల్లెడ, పైన తలుపు ఉండే టెడ్ అనే పరికరాన్ని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన పడవలకు తగ్గట్టు తయారుచేసింది. ఆ తలుపులోంచి తాబేలుతో పాటు చేపలూ పోతాయని బోటు యజమానుల బెంగ. డీజిలు ఖర్చు నెత్తినపెట్టుకుని తిరిగేవాడి బెంగను కొట్టిపారెయ్యలేం. ఎంత పోతుందో వాళ్ల పడవలోనే, వాళ్ల కళ్లముందే తూచి చూపించి, ఆ నష్టంలో సర్కారు పాలుపంచుకుంటే తప్ప ఈ ముడి వీడదు. వెయ్యి పిల్లల్లో ఒక్కటే పెద్దదవుతుందని చెబుతారు. అంటే పదేళ్లకు పైగా బతికి, అన్ని గండాలూ దాటి గుడ్లతో వచ్చిన ఒక తల్లి వలలో చస్తే, హేచరీలో ఎన్ని బుట్టలు నిండినా ఆ లోటు పూడదు. పిల్లల్ని సముద్రంలో వదిలే ఫొటోలు పేపర్లలో ముచ్చటగా ఉంటాయిగానీ, అసలు లెక్క అక్కడ లేదు.

అయినా ఆ ముచ్చట ఒక్కసారైనా చూడాల్సిందే. మార్చి, ఏప్రిల్ నెలల్లో దగ్గర్లోని అటవీశాఖ కార్యాలయంలో అడిగితే పిల్లల్ని వదిలే రోజు చెబుతారు. తెల్లవారుజామునే వెళ్లాలి. కాపలాదారు ఇసుకలో కర్రతో ఓ గీత గీస్తాడు. జనమంతా గీతకు ఇవతలే. నీళ్లకు కొన్ని అడుగుల దూరంలో బుట్ట వంచుతాడు. బొటనవేలంత పిల్లలు, నల్లగా, రెప్పలు టపటపలాడిస్తూ అలల వైపు బయల్దేరతాయి. ఎత్తి నీళ్లలో వేస్తే పని త్వరగా అవుతుందికదా అనిపిస్తుంది. కానీ వాటినే నడవనివ్వాలి.

మొదటి అల రెండు మూడింటిని తిరగేసి వెనక్కి విసిరేస్తుంది. గీత దాటి చెయ్యి చాచిన పాపను కాపలాదారు ఆపుతాడు. ‘ఆగమ్మా... అదే లేస్తాది.’ పిల్ల బోర్లాపడి లేచి మళ్లీ నడుస్తుంది. రెండో అలకు మళ్లీ దొర్లుతుంది. మూడో అల వచ్చి వెళ్లాక ఇసుక మీద ఏమీ ఉండదు.

జనం వెళ్లిపోయాక అతను హేచరీలోకి వెళ్లి ఆ గొయ్యి తవ్వుతాడు. ఖాళీ పెంకులు లెక్కపెట్టి, పొదగనివి పక్కన పెట్టి, నోటుబుక్కులో అంకె రాస్తాడు. బుట్ట కడిగి బోర్లించి, దడిమీద ఆరేసిన వల తీసి భుజాన వేసుకుంటాడు. పడవలో మిగతావాళ్లు ఎదురుచూస్తున్నారు.