బోరోబుదూరునకు పోవువారికి

జావా ద్వీపమున మగెలాంగు సమీపముననున్న బోరోబుదూరు స్తూపమును దర్శింపవచ్చు యాత్రికులకు ఇండోనేషియా ప్రభుత్వము కొన్ని కట్టుబాట్లు చేసినది. 2020లో మహమ్మారి కారణమున మూసిన పైయంతస్తులను 2023లో మరల తెరచినపుడు, దినమునకు 1200 మందికి మించి పైకి పోనీయమనియు, మార్గదర్శి వెంటలేక ఎవరును ఎక్కరాదనియు, బూట్లు విడిచి ఆకులతో అల్లిన మెత్తని చెప్పులు తొడిగికొనవలెననియు నిర్ణయించిరి. ఆ చెప్పులకు వారు పెట్టిన పేరు ‘ఉపానత్’. అమరము వల్లెవేసినవారికి ఇది క్రొత్త మాట కాదు.

ఈ నియమములకు విసుగుకొను యాత్రికులు లేకపోలేదు. మేము మాత్రము వీనిని మనఃపూర్వకముగా సమర్థించుచున్నాము. శైలేంద్రరాజుల కాలమున, నేటికి సుమారు 1200 ఏండ్లక్రిందట, సున్నము పూయక రాతిపై రాతిని కూర్చి కట్టిన కట్టడమిది. చతురస్రములైన వేదికలు ఆరు, వానిపై వర్తులములైనవి మూడు, 504 బుద్ధవిగ్రహములు, 2672 శిల్పఫలకములు. 1985 జనవరిలో దుండగులు పెట్టిన బాంబులకు తొమ్మిది చిన్న స్తూపములు దెబ్బతినెను. 2010లో మెరాపి అగ్నిపర్వతము క్రక్కిన బూడిద దాని నెల్ల కప్పివేసెను. ఇన్నిటికి ఓర్చిన రాయి నేడు యాత్రికుని మడమక్రింద అరిగిపోవుచున్నది! అరిగిన మెట్టును ఏ యింజనీరును తిరిగి పెంచలేడు.

అయితే జనమును తగ్గించుటకు ధనమును సాధనముగా చేయుట వేరు సంగతి. 2022 జూన్‌లో ఆ దేశపు మంత్రియొకరు, పైకి ఎక్కు పరదేశీయునకు నూరు డాలర్లును, స్వదేశీయునకు 7,50,000 రూపియాలును రుసుము విధింతుమని ప్రకటించిరి. ప్రజలు గగ్గోలుపెట్టిరి. కొలది దినములలోనే ఆ ప్రతిపాదన వెనుకకు పోయెను; పోవుటయే మేలయ్యెను. వరుసక్రమమున ముందుగా పేరు వ్రాయించుకొన్నవారికి చోటిచ్చినచో సంఖ్య తగ్గదా? ధనికుని కాలికి మాత్రము రాయి అరుగదా? ప్రత్యేక దర్శనపు టిక్కెట్లకు అలవాటుపడిన మనకు ఈ ప్రశ్న అంతగా రుచింపకపోవచ్చును.

ఇక యాత్రికుని మాట. సూర్యోదయమునకు ముందే పరుగున శిఖరమునకెక్కి, గంటాకృతిగల స్తూపముప్రక్క నిలిచి ఛాయాచిత్రము తీయించుకొని, దిగివచ్చువాడు బోరోబుదూరును చూడలేదని మేము నిస్సంకోచముగా చెప్పుదుము. అది చదువుకొనవలసిన ఆలయము. తూర్పుద్వారమున ప్రవేశించి, స్తూపమును కుడివైపున నుంచుకొని, మనము గుడిచుట్టు తిరుగునట్లే ప్రదక్షిణముగా నడిచినగాని కథ సాగదు. లలితవిస్తరమందలి బుద్ధచరిత్ర 120 ఫలకములలో నడచును, ఆవల జాతకకథలు, ఇంకను పైకి పోగా సుధనుడను శ్రేష్ఠికుమారుడు గురువునుండి గురువునకు తిరుగుచు జ్ఞానము నార్జించిన వృత్తాంతము. చిత్రమేమన, కర్మఫలములను చూపు 160 ఫలకములు అడుగున ఒక రాతికట్టుచే కప్పబడి, 1885 వరకు ఎవరి కంటను పడలేదు. తరువాత వానిని తెరచి, ఛాయాచిత్రములు తీసి, మరల మూసివేసిరి. ఆగ్నేయమూలను కొన్ని మాత్రము నేడు కనబడును. వానిముందు నిలుచు యాత్రికులెందరో!

మనవారు కొందరు అచ్చటికి పోయివచ్చి, ‘అదంతయు మన పూర్వుల వలసరాజ్యపు వైభవమే’ అని సభలలో చెప్పుచుందురు. ఈ గర్వమును మేము హర్షింపజాలము. ధర్మము, లిపి, కథలు సముద్రముదాటి పోయినమాట నిజమే. ఉలి పట్టిన చేయి జావావాసులది. ఆ ఫలకములలోని ఇండ్లు, ఓడలు, చెట్లు వారి దేశమువి. అంతేకాదు. ఆ దేశప్రజలలో అత్యధికులు నేడు మహమ్మదీయులు. అయినను ఆ బౌద్ధస్తూపమును తమ సొత్తుగా భావించి, యునెస్కో సహాయముతో 1975 మొదలు ఎనిమిదేండ్లు శ్రమించి రాయి రాయి విప్పి మరల కట్టిరి. పరపాలనలో వారికి కలిగిన నష్టమును తక్కువది కాదు: 1896లో డచ్చివారు సయాము రాజునకు ఎనిమిది బండ్ల శిల్పములు కానుకగా పంపివేసిరి.

మన అమరావతి సంగతి యేమి? కృష్ణాతీరమున మన పూర్వులు చెక్కిన మహాచైత్యమును పదునెనిమిదవ శతాబ్ది చివర త్రవ్వి రాళ్లు తరలించినది పరులు కారు. స్థానిక జమీందారు మనుష్యులు. చెక్కడపు రాళ్లు గోడలలోను, కోనేటి మెట్లలోను చేరెను. మిగిలినవానిలో కొన్ని చెన్నపట్టణమునకు, కొన్ని 1859లో లండనునకు పోయి, నేటికిని అచ్చటనే ఉన్నవి. తెలుగువాడు అమరావతి శిల్పమును చూడగోరినచో బ్రిటిషు మ్యూజియమునకు పోవలెను! జావాకు పోయి గర్వించుటకు ముందు మనవారు గుంటూరునుండి అమరావతికి పోయి, అక్కడ మిగిలిన దిబ్బచుట్టు ఒకసారి తిరిగి రావలెనని మా కోరిక.

పిదప జావాకు పోవువారు వైశాఖపూర్ణిమనాడు పోగలిగిన మంచిది. 1983 నుండి ఆనాడు ఆ దేశమంతట సెలవుదినము. మెందూతు ఆలయమున పూజించి, పావోను మీదుగా బోరోబుదూరునకు బౌద్ధులు ఊరేగింపుగా నడిచిపోదురు. ఈ ఆలయములను ఆరాధనకు వినియోగించుకొనుటకు 2022లో ఒడంబడికయు జరిగినది. భిక్షువులకు దారి విడిచి, గొంతు తగ్గించి, ప్రక్కగా నడువవలెను. పూజ జరుగుచుండగా వారి మొగములకెదురుగా ఫోను ఎత్తిపట్టుట మన గుడిలో మనకెంత ఒప్పునో, అక్కడ వారికిని అంతే ఒప్పును.