సముద్రం మీద రియాక్టర్‌కు నీళ్లే మేలు

ద్రవలోహం ఎలా ఉంటుందో భిలాయి పిల్లలకు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చిన కరిగిన ఇనుము లేడిల్‌లో ఎక్కువసేపు ఆగిపోతే గడ్డకడుతుంది. అణు రియాక్టర్ల గురించి మాట్లాడేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రియాక్టర్‌లో పుట్టే వేడిని బయటకు మోసుకొచ్చే పదార్థాన్ని శీతలకం అంటారు. ఈ పనిలో సోడియం చాలా గట్టిది. దాని ఉష్ణవాహకత నీటికన్నా దాదాపు వంద రెట్లు ఎక్కువ. 98 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, 883 డిగ్రీల దాకా మరగదు. అందుకే దాన్ని ఎక్కువ పీడనంలో ఉంచాల్సిన పని లేదు. కల్పాక్కంలో 1985లో మొదలైన ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టర్‌కు మన శాస్త్రవేత్తలు సోడియాన్నే ఎంచుకున్నారు.

మరి ఓడలా తేలే విద్యుత్ కేంద్రంలోనూ ద్రవలోహమే వాడవచ్చు కదా? వద్దని నా అభిప్రాయం. సోడియానికి నీరు తగిలితే ప్రమాదం. అక్కడ చుట్టూ ఉండేది నీరే. 1957లో అమెరికా నౌకాదళంలో చేరిన సీవోల్ఫ్ జలాంతర్గామిలో సోడియం రియాక్టర్ ఉండేది. 1960 నాటికి దాన్ని తీసేసి నీటి రియాక్టర్ అమర్చారు.

సీసం, బిస్మత్‌ల మిశ్రమం నీటితో అలా మండదు, నిజమే. కానీ దాదాపు 125 డిగ్రీలకే గడ్డకడుతుంది. రియాక్టర్ ఆగినా దాన్ని వేడిగా ఉంచుతూనే ఉండాలి. సోవియట్ జలాంతర్గామి కె-64లో ఈ మిశ్రమం గడ్డకట్టడంతో ఆ రియాక్టర్ ఎందుకూ పనికిరాకుండా పోయింది. పైగా బిస్మత్ నుంచి పొలోనియం-210 అనే ప్రమాదకరమైన రేడియోధార్మిక పదార్థం పుడుతుంది.

ఇంత అనుభవం ఉన్న రష్యా తన తేలే కేంద్రం అకడమిక్ లొమొనొసోవ్‌కు నీటినే ఎంచుకుంది. ఒక్కొక్కటి 35 మెగావాట్ల రెండు రియాక్టర్లతో అది 2019 డిసెంబర్ నుంచి పెవెక్ ఊరికి కరెంటు ఇస్తోంది. నీటి రియాక్టర్‌కూ చిక్కులున్నాయి. ఎక్కువ పీడనాన్ని తట్టుకునే మందపాటి ఉక్కు పాత్ర కావాలి. అయినా ఆగిపోయిన రియాక్టర్‌లో నీరు నీరుగానే ఉంటుంది.

మన దేశం 2025-26 బడ్జెట్‌లో చిన్న రియాక్టర్ల పరిశోధన, అభివృద్ధికి 20,000 కోట్ల రూపాయలు ప్రకటించింది. రేపు వాటిని తయారుచేసేవారిలో మనలో కొందరు ఉండవచ్చు. శీతలకం వేడిని ఎంత బాగా లాగుతుందన్నది ఒక్కటే చూస్తే చాలదు. యంత్రం ఆగిన రోజున అది ఏమవుతుందో కూడా చూడాలి. నేల మీద అయితే సాయం త్వరగా అందుతుంది. నడిసముద్రంలో ఉన్నవాళ్లు తమ దగ్గర ఉన్నదానితోనే గట్టెక్కాలి.