ఆయిలింజనుకి ఎన్ని హార్స్‌పవర్ కావాలి?

మొన్న దసరాకి ఊరెళ్ళేసరికి నాయిన చేతికి సిమెంటు కట్టు. ఆయిలింజను హ్యాండిల్ వెనక్కి తన్నిందట. ఫోన్లో ఒక్కసారి కూడా చెప్పలేదు!

మా చేను తాండూరు దగ్గర కాగ్నా ఒడ్డున ఉంది. అక్కడిదాకా కరెంటు లైను లేదు. వేసేది కంది. 2022లో జీఐ గుర్తింపు వచ్చింది చూడండి, ఆ తాండూరు కందే. వానాధారమే కానీ పూత మీద వాన మొహం చాటేస్తే ఒకట్రెండు తడులు ఇవ్వకపోతే కష్టం. ఆ తడుల కోసం తాత కొన్న 5 హెచ్‌పీ ఇంజను ఉంది. లిస్టర్ టైపు అంటారే, అది. ఇంగ్లండులో 1929లో వచ్చిన నమూనాకి రాజ్‌కోట్‌లో చేసిన నకలు. ఇటూ అటూ రెండు పెద్ద చక్రాలు, నిమిషానికి 650 చుట్లు, పంపుకి బెల్టు.

మార్చేద్దాం అన్నాను. సరే, ఏది కొనాలి? వికారాబాద్‌లో ఒక షాపాయన "10 హెచ్‌పీ తీస్కోండి సార్, ఏట్ల నీళ్ళు కిందికి పోయినా గుంజుతది" అన్నాడు. మా తమ్ముడిదీ అదే మాట. మనవాళ్ళకి సర్వర్ స్లో అయితే ర్యామ్ పెంచడం అలవాటే కదా!

నేను కాగితం మీద లెక్క వేశాను. సెకనుకి 10 లీటర్లు, పైపు నష్టాలతో కలిపి 12 మీటర్ల ఎత్తు. నీళ్ళకి కావాల్సింది 1.6 హెచ్‌పీ. మా పాత పంపు సామర్థ్యం సగమే అనుకున్నా 3.2. అంటే 5 హెచ్‌పీ ధారాళంగా సరిపోతుంది. ఇక "కిందినుంచి గుంజడం" సంగతి. ఒడ్డు మీద పెట్టిన పంపు నీళ్ళని లాగదు, గాలి ఒత్తిడి వాటిని పైకి నెడుతుంది. ఆచరణలో అది ఏడెనిమిది మీటర్లు మించదు. 10 కాదు, 50 హెచ్‌పీ పెట్టినా అంతే. నీళ్ళు దిగితే పంపుని కిందికి దించాలి గానీ ఇంజను పెంచితే లాభం లేదు.

బరువైన పాత చెక్క పడవకి ఇంజను మార్చేవాళ్ళదీ ఇదే కథ. పడవ ఆకారం ఒప్పుకునే వేగం దాటాక ఎంత పెద్ద ఇంజనైనా అలలు రేపుతుంది, డీజిలు తాగుతుంది, అంతే. పైగా కొత్త ఇంజను చుట్లకి తగిన ప్రొపెల్లర్ కుదరాలి. మాకు ప్రొపెల్లర్ బదులు పంపు. ఇప్పుడొచ్చే చిన్న డీజిలింజన్లు 1500 చుట్లు తిరుగుతాయి. పాత పుల్లీలే ఉంచి దాన్ని బిగిస్తే పంపు 2.3 రెట్లు వేగంగా తిరగాలి. పంపుకి కావాల్సిన శక్తి వేగానికి ఘనంలో పెరుగుతుంది, అంటే సుమారు 12 రెట్లు! ఇంజను ఊపిరాడక ఆగిపోతుంది. అదృష్టంకొద్దీ మా పంపు వేగం 1450. బెల్టు తీసేసి నేరుగా కలిపేయొచ్చు, రెండు షాఫ్టులూ ఒకే గీత మీద ఉండేలా బిగిస్తే చాలు.

సోలార్ కూడా ఆలోచించాను. ఏడాదిలో నాలుగైదు రోజుల పనికి, కాపలా లేని ఏటి ఒడ్డున పలకలు బిగించడం మనసొప్పలేదు. సెల్ఫ్ స్టార్టు? పది నెలలు ఊరికే ఉంటే బ్యాటరీ చచ్చిపోతుంది.

ఇదంతా నాయినకి గర్వంగా వివరించాను. అంతా విని ఒక్కటే అడిగాడు: "నువ్వు ఇంజన్ తెస్తవ్, రెండొద్దులకు పోతవ్. అది మొరాయిస్తే నేనెవల్ని పిలవాల్రా?"

నా లెక్కలో లేని ప్రశ్న అది. ఆఫీసులో పాత సిస్టం తీసి కొత్తది పెట్టేటప్పుడు కూడా మనం చేసే తప్పు ఇదే. ఫీచర్లు పోలుస్తాం, రాత్రి రెండింటికి ఫోనెత్తేది ఎవరో రాసుకోం.

అందుకే వికారాబాద్ బేరం వదిలేసి తాండూరులో నాయినకి తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. "మీ దగ్గర ఏ ఇంజనుకి సామాన్లు దొరుకుతాయి?" అని ముందు అడిగాం. ఆయన చూపించినదే కొన్నాం: 5 హెచ్‌పీ, గాలితో చల్లబడేది, చక్రాల బండి మీద ఇంటికి తెచ్చుకునేది.

నా సలహా అడిగితే ఇదే. ముందు పని ఎంతో లెక్కేయండి, తర్వాత దాన్ని బాగుచేసే మనిషిని వెతకండి, ఆఖర్న హెచ్‌పీ చూడండి.

ఒక మాట ఒప్పుకోవాలి. కొత్తదానికీ హ్యాండిలే. ఎలా తిప్పాలో, ఏ క్షణంలో చెయ్యి తీసేయాలో నాయిన ఎడం చేత్తో చూపిస్తుంటే నేను నేర్చుకున్నాను. మూడోసారికి అందుకుంది. పూత నిలిచేదాకా శని, ఆదివారాలు తాండూరు రైలెక్కుతున్నాను.