గడువు తీరినా బాధ్యత తీరునా?

వారంటీ గడువు ముగిసిన మరునెలలోనే కారు గేరుబాక్సు చెడిపోయినచో యజమాని ఎవరిని అడుగవలెను? గడువు తేదీ చూపి ఉత్పత్తిదారుడు తప్పుకొనుట ఏరు దాటి తెప్ప తగలవేయుట వంటిదే.

వాడుకవలన కలిగిన అరుగుదలకు ఉత్పత్తిదారుడు బాధ్యుడు కాడు, నిజమే. కాని తయారీలో దాగిన లోపము కారు అమ్మిననాడే ఉన్నది. ఆలస్యముగా బయటపడినంత మాత్రమున అది కొత్తగా పుట్టినది కాదు.

అమెరికాలో ఫోర్డ్ ఫియస్టా, ఫోకస్ కార్ల పవర్‌షిఫ్ట్ గేరుబాక్సులపై ఫిర్యాదులు వెల్లువెత్తగా, 2014లో ఆ కంపెనీయే క్లచ్ భాగములకు వారంటీని 5 ఏండ్లు, 60,000 మైళ్ల నుండి 7 ఏండ్లు, 1,00,000 మైళ్లకు పెంచినది. కనుక గడువు శిలాశాసనము కాదు.

మన దేశమున 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, ఫిర్యాదుకు కారణము ఏర్పడిన నాటినుండి రెండేండ్లలోగా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయింపవచ్చును. అయితే లోపమును రుజువు చేయు భారము సామాన్యునిపై పడుచున్నది. దాగిన లోపమునకు బాధ్యతను అమ్మిన నాటినుండి గాక, బయటపడిన నాటినుండి లెక్కించుటయే న్యాయము.

విద్యార్థి మిత్రులారా! రేపు మీరేమి కొన్నను రసీదులు భద్రపరచుకొనుడు; చిన్న లోపమునైనను గడువులోగా వ్రాతపూర్వకముగా తెలుపుడు. నోటిమాటకు సాక్ష్యముండదు.